తూము తెరిచాక

"ఆ గొడుగు బయట పెట్టండి."

అతను ఆమెతో అన్న మొదటి మాట అదే. గుండె పరీక్షల గది ముందు వరండాలో, ఆమె గొడుగు నుంచి కారిన నీళ్ళు బల్ల కింద చిన్న మడుగు కట్టాయి.

"బయట వానండీ. బయట పెడితే ఎలా ఆరుతుంది?"

"స్ట్రెచర్ జారుతుంది."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా, ఎక్స్‌రేలు తగలకుండా సీసం పొదిగిన ఆప్రాన్. "ఇంత కవచం తొడుక్కుని గొడుక్కి భయపడతారేంటి?"

స్ట్రెచర్ మీదున్న ఆమె తండ్రి నవ్వబోయి దగ్గాడు. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఎంతమంది పిల్లల్నో పరిగెత్తించిన మనిషి, ఇప్పుడు మంచం నుంచి కిటికీ దాకా నడిస్తే ఛాతీ పట్టుకుని కూర్చుంటున్నాడు.

గుండె నుంచి నెత్తురు బయటికి వచ్చే చోట ఉండే వాల్వు గట్టిపడి, చాలావరకు మూసుకుపోయింది. దాన్ని మార్చాలి. కానీ గుండెకే నెత్తురు అందించే రక్తనాళంలో కూడా ఒకచోట ఇరుకు కనబడింది. రెండూ ఒకేసారి సరిచేయాలంటే ఛాతీ తెరవాలి. ఆ ఒళ్ళు తట్టుకోదు. వాల్వు ఒక్కటే అయితే తొడ దగ్గర నుంచి పంపి అమర్చవచ్చు. అందుకని ముందు నాళంలోకి సన్నని తీగ పంపి, ఆ ఇరుకుకు ఇవతల ఎంత ఒత్తిడి ఉందో, అవతల ఎంత మిగిలిందో కొలిచారు. తెర మీద వచ్చే అంకె చదివి డాక్టరమ్మకు చెప్పడం టెక్నీషియన్‌గా అతని పని.

దిగితే ప్రమాదం అనే గీతకు అంకె కాస్త పైనే నిలిచింది.

"ప్రస్తుతానికి నాళాన్ని ముట్టుకోవద్దు. వాల్వు మార్చాక మళ్ళీ కొలుద్దాం" అంది డాక్టరమ్మ.

అతను బయటికి రాగానే కూతురు అడ్డం నిలబడింది. "అంటే నాళం బాగున్నట్టేనా?"

"తెలీదు."

"కొలిచింది మీరే కదండీ!"

"అంకె తెలుసు. దాన్ని నమ్మొచ్చో లేదో తెలీదు."

"భోంచేశారా అని అడిగినా తెలీదనే అంటారా?"

"మా పొలానికి ఒక పిల్లకాలువ ఉందండి. తూము సగం మూసి ఉన్నన్నాళ్ళూ అందులో పూడిక బయటపడదు. వచ్చే కాసిని నీళ్ళూ సాఫీగానే పోతాయి. తూము పూర్తిగా ఎత్తినప్పుడే దాని సంగతి తెలుస్తుంది."

"ఇప్పుడు ఇంత మాట్లాడేశారు, రేపటికేమైనా మిగిల్చుకున్నారా?"

ఆ రోజు నుంచి ఆమె నోట అతను తెలీదుగారు అయ్యాడు.

కొత్త వాల్వు అమరింది. మాస్టారి పెదాలకు రంగు వచ్చింది. వీధి చివరిదాకా నడిచి వచ్చి, చూశావా అన్నట్టు కూతురి ముందు నిలబడేవాడు.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆసుపత్రికి వస్తూపోతూ పరిచయం పెరిగాక, కారు రాని మగాణ్ణి తాను భరించలేనని చెప్పి అతన్నీ చేర్చుకుంది. ఒక సాయంత్రం వాన జోరుగా పడుతోంది. వైపర్లు కొట్టుకుంటున్నాయి. అతని చూపు రోడ్డు మీద నుంచి మాటిమాటికీ పక్కకు జారుతోంది.

"బ్రేకు! బ్రేకండీ బాబూ! రోడ్డు దాటుతున్న ఆవిడ గొడుగు మీకేం అన్యాయం చేసింది?"

కారు ఆగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఒకటి అడుగుతాను. నేనంటే ఇష్టమా? తెలీదన్నారంటే ఇక్కడే దించేస్తాను."

"నడిపేది నేను కదా."

"అదొకటి!"

"ఇష్టం" అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి. వెనక నుంచి ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు.

"వీడు అల్లుడైతే నయమే. ఇంట్లో నా మాటకు ఎదురుండదు" అన్నాడు మాస్టారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళికి తేదీ తీసుకున్నారు.

పెళ్ళి ఇంకో రెండు వారాలుందనగా మాస్టారు, అతనూ కలిసి నడకకు వెళ్ళారు. మాస్టారు ప్రతి కొట్టు ముందూ ఆగుతున్నాడు. బకెట్ ధర అడిగాడు. తాళంకప్ప ధర అడిగాడు. ఏదీ కొనలేదు. అడిగినంతసేపూ ఎడమ చెయ్యి జేబులో పిడికిలి బిగించే ఉంది.

"మాస్టారూ, నొప్పి వస్తోందా?"

"నోర్మూసుకుని నడవరా."

"డాక్టరమ్మ మళ్ళీ కొలుస్తానన్నారు. ఆ రోజు నేను డ్యూటీలో లేను. మీరు వెళ్ళలేదా?"

"నేనే వాయిదా వేయించాను. పెళ్ళి కానీ, ఆనక ఎన్నిసార్లు కొలుచుకుంటారో కొలుచుకోండి." ఆయన గొంతు తగ్గింది. "దానికి చెప్పావంటే నువ్వు నా అల్లుడివి కావు."

మర్నాడు పొద్దున్నే అతను ఆమెకు చెప్పేశాడు. మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని, ఆసుపత్రికి బయలుదేరేదాకా అతని ముఖం చూడలేదు.

పరీక్ష బల్ల మీదకు చేర్చాక మాత్రం ఆయనే పిలిచాడు. మత్తు ఇవ్వలేదు, మెలకువగానే ఉన్నాడు.

"ఎంతరా అంకె?"

అది గీతకు చాలా కిందికి జారిపోయింది. అతను చదివి చెప్పాడు.

"ఫెయిలా?"

"ఫెయిలే మాస్టారూ."

"డ్రిల్లులో నేనెవర్నీ ఫెయిల్ చెయ్యలేదురా" అన్నాడు మాస్టారు. నవ్వుదామని చూశాడు.

నాళం సున్నం పట్టి రాయిలా ఉంది. అప్పటికప్పుడు తీగ మీదుగా బెలూను పంపి తెరవబోతే చిట్లింది. డాక్టరమ్మ చాలాసేపు చెయ్యగలిగిందంతా చేసింది. తెర మీద గీతలు ఒక్కొక్కటే చదునయ్యేవరకు వాటిని చదివి చెప్పవలసింది అతనే. చెప్పాడు.

ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. అతని ముఖం చూడగానే అర్థమైపోయింది.

"మీరు చెప్పకుండా ఉంటే మా నాన్న పెళ్ళి చూసేవాడు."

"చూసేవారేమో."

"ఏమో కాదు. చూసేవాడు. మన పక్కన నిలబడి సంతకం పెట్టేవాడు." ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. "వెళ్ళిపోండి."

వెళ్ళిపోయాడు. పెళ్ళి అనుకున్న రోజు కూడా అతను డ్యూటీలోనే ఉన్నాడు. ఎవరివో అంకెలు చదివాడు. మధ్యలో ఒకసారి, ఎప్పుడూ లేనిది, తప్పు చదివి మళ్ళీ సరిచేసి చెప్పాడు.

రెండు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఆసుపత్రికి వచ్చింది. చిక్కిపోయింది. వరండా బల్ల మీద కూర్చోలేదు.

"ఇంటినిండా ఇంకా చుట్టాలే. మా అత్తయ్య, నాన్న అదృష్టవంతుడు అంటుంది. బాబాయి, బాధపడకుండా పోయాడు అంటాడు. చెవులు హోరెత్తిపోతున్నాయి."

అతను వింటున్నాడు.

"మీ మీద కోపం పోలేదు. ఎప్పుడైనా పోతుందని మాటివ్వలేను."

"సరే."

"పెళ్ళి సంగతి నన్ను అడక్కండి."

"అడగను."

"వచ్చి మా ఇంట్లో కూర్చోండి. ఏం మాట్లాడకండి."

"నాకు మాట్లాడటం రాదు."

"తెలుసు. అందుకే పిలుస్తున్నాను."

ఆమె కారు నడిపింది. ఇంటి ముందు ఇంజన్ ఆపింది. దిగలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి, తండ్రి పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది. లోపల చుట్టాల మాటలు వినబడుతున్నాయి. కిటికీలోంచి ఎవరో తొంగిచూసి వెళ్ళారు. అతను పక్క సీట్లో అలాగే కూర్చుని ఉన్నాడు.