వడగళ్ళ సంవత్సరపు వైను

"నా తమ్ముణ్ణి నేనే సంపేశానంటున్నారండీ!" అంటూ మార్కు డిటెక్టివ్ మన్మథరావు గుమ్మంలోనే కూలబడ్డాడు.

అది 2006 వేసవి. మార్కు ఇరవై ఏళ్ళు ఓడల్లో వంట చేసి, నిరుడే నర్సీపట్నం తిరిగొచ్చాడు. శనివారం సాయంత్రం తమ్ముడు బెన్హర్, అతని భార్య రాచెల్ చెప్పకుండా వచ్చారట. మార్కు సంబరపడి, ఓడ కెప్టెన్ బహుమానంగా ఇచ్చిన ఇటలీ ఎర్ర వైను తెరిచాడు. అన్నదమ్ములిద్దరే తాగారు. కాసేపటికే బెన్హర్ నురగలు కక్కుతూ చనిపోయాడు. మార్కు వైనులో విషం కలిపాడని రాచెల్ పోలీసులకు చెప్పింది.

మన్మథరావు వెంటనే మార్కు ఇంటికి బయల్దేరాడు. ఆయన కంటినుంచి ఏదీ తప్పించుకోలేదని సహాయకుడు సింగన్నకు గట్టి నమ్మకం.

పోలీసులు పరీక్షకు తీసుకెళ్ళగా మిగిలిన వైను సీసాలోనే ఉంది. దానిమీద 2002 అని రాసుంది.

"ఆ ఏడు అక్కడ ఒకటే వానలు, వడగళ్ళండి. ద్రాక్ష పాడైపోయింది. శానామంది వైను సెయ్యనేలేదు. సేసినోళ్ళు ఒక్కో పండూ ఏరుకుని సేశారు," అన్నాడు మార్కు.

మన్మథరావు గ్లాసులో కొంచెం పోసుకున్నాడు.

"వద్దు సార్!" సింగన్న అడ్డుపడ్డాడు.

"ఈ సీసాలోదే తాగి మార్కుగారు బతికే ఉన్నారు కదయ్యా."

మొదటి గుక్కకు ఆయన మొహం ముడుచుకుంది. ఒట్టి పులుపు, వగరు. మింగకుండా ఆగాడు. మెల్లగా ఎండిన గులాబీ రేకుల వాసన, తడిసిన మట్టి వాసన పైకి తేలాయి.

"పలచనే అయినా ఎంత హుందాగా ఉంది! ఓర్పు లేకపోతే మాత్రం పులుపే మిగులుతుంది. మీ తమ్ముడేమన్నాడు?"

"మొహం సిట్లించాడండి. మా ఆవిడ సర్చికెళ్ళింది. ఆడే వంటింట్లోకెళ్ళి పంచదార తెచ్చుకుని కలిపేశాడు. బంగారంలాంటి వైను పాడుసేశాడు."

మార్కు భార్య సువర్ణమ్మ టీ తెచ్చింది. మండుటెండల్లోనూ మణికట్టు దాకా చేతుల జాకెట్టు. కప్పు అందిస్తుంటే జాకెట్టు చెయ్యి కాస్త పైకి జరిగి, నల్లగా కమిలిన చర్మం కనబడింది.

"బెల్లం టీయా?" అన్నాడు మన్మథరావు.

"శనివారం కాణ్ణుంచి ఇదేనండి. పంచదార అయిపోయిందంటాది. తినేది నేనొక్కణ్ణే, ఆవిడికి సుగరు. అది కూడా సూసుకోలేదు!" మార్కు కసిరాడు. సువర్ణమ్మ తల ఎత్తలేదు.

మర్నాడు ఎస్సై ఎదుట మన్మథరావు అందరినీ కూర్చోబెట్టాడు.

"విషం వైనులో లేదు, పంచదారలో ఉంది. బెన్హర్ వస్తాడనిగానీ, వైనులో పంచదార కలుపుకుంటాడనిగానీ ఎవరికీ తెలీదు. ఈ ఇంట్లో పంచదార తినేది ఒక్క మార్కుగారే. గురి ఆయనమీదే. బెన్హర్ పోయిన రోజే ఆ పంచదార మాయమైంది. పారేసింది అందులో ఏముందో తెలిసిన మనిషి. ఎందుకు కలిపారో సువర్ణమ్మగారి చేతులే చెబుతాయి."

రాచెల్ నోటికి చెంగు అడ్డుపెట్టుకుంది.

"జీడితోటకి కొట్టే పురుగుమందండి. మిగిలింది పెరట్లో పాతేశాను," అంది సువర్ణమ్మ. "అత్త పోయేటప్పటికి బెన్హరుకి మూడేళ్ళు. ఆణ్ణి సంకనేసుకుని పెంచాను. సర్చి నుంచొచ్చేసరికి నేలమీద కొట్టుకుంటన్నాడు. నన్ను సూసి 'వదినా' అన్నాడండి."

"నాకా ఇసం పెట్టావు? నాకెందుకే? నేనేటి సేశాను?" మార్కు నిజంగానే అర్థంకాక అడిగాడు.

సింగన్న ప్రతి కేసు చివరా మన్మథరావును మెచ్చుకునేవాడు. ఆ రోజు లేచి పెరటి గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

సువర్ణమ్మ భర్తవైపు చూడలేదు. ఎస్సై లెమ్మనకముందే లేచింది.

"ఉరేస్తారా బాబూ?"

"తెలీదమ్మా."

"బేగి ఏసేస్తే బాగుణ్ణు," అంటూ ఆమె ముందు నడిచింది.