మూడో మైకు గోరింక

ఆగస్టు పదకొండు, గురువారం. తెల్లవారుజాము నాలుగు గంటల యాభై నిమిషాలు.

పాడుబడిన ఆ రాళ్ళ క్వారీ పేరెత్తితేనే చుట్టుపక్కల గుమ్మాలు మూసుకునేవి. చీకటి పడితే అది మనుషుల్ని పిలుస్తుందట. మూడోసారి పిలిచేలోగా పలికితే... ఇక అంతేనట.

దాని అంచున ఓ చెట్టుకి మూడో మైకు కట్టి ఉంది. పిట్టల లెక్క కోసం కట్టిన అలాంటివి పన్నెండు. వాటిలో పడే పిట్టల కూతలన్నీ నెట్ మీద వచ్చి, ఇంట్లో కూర్చున్న పెద్దకోడలి చెవిలో మోగేవి. ముందుగా కంప్యూటరే విని ఫలానా పిట్ట అని చెప్పేది, ఆమె సరిచూసేది. ఒక్కటే నియమం — మనిషి గొంతయితే కంప్యూటరు ఎవరికీ వినిపించకుండా తుడిచేస్తుంది. ఎవరి గుట్టు వాళ్ళది కదా!

మైకులు చూసుకునేది మరిది. తొమ్మిది రోజుల కిందట, సాయంత్రం, మూడోది మూగబోయింది.

“పొద్దుపోయింది. రేపు చూస్తాలే వదినా.”

“క్వారీ అంటే భయమని చెప్పరాదూ? గాజులిస్తాను, తొడుక్కుంటావా?”

అతని మొహం మాడిపోయింది. తలుపు ధడాలున వేసి పోయాడు. మళ్ళీ రాలేదు.

మర్నాటికి మైకు పలికింది. ఎండ తగిలి తనంతట తనే బాగుపడిందనుకుంది ఆమె.

“అలిగి అక్క పంచన చేరుంటాడు. కడుపు కాలితే వాడే వస్తాడు,” అన్నారు అత్తగారు. అతనికి గానీ, ఆడపడుచుకి గానీ ఎవరూ ఫోను చెయ్యలేదు — ముందు చేసినవాళ్ళదే తప్పన్నట్టు.

ఆ గురువారం దేవుడికి దణ్ణం పెట్టుకుని హెడ్‌ఫోను తగిలించుకుంది. కీచురాళ్ళ రొద... గాలి... తర్వాత —

“వదినా...”

హెడ్‌ఫోను చెవులకి అదుముకుంది.

“వదినా... తాడు...”

మరిది గొంతే! తుడిచెయ్యాల్సిన మనిషి గొంతు ఎలా వినిపిస్తోంది? తెర వంక చూసింది.

గోరింక. నమ్మకం నూటికి తొంభై ఆరు.

మొగుణ్ణి తట్టి లేపింది. అతను విని నవ్వాడు.

“పిచ్చిదానా, దెయ్యం కాదే. గోరింక! విన్నమాట అప్పజెబుతోంది.”

హమ్మయ్య అనుకుంది. అరనిమిషం.

“ఎన్నిసార్లు వింటే... అంత బాగా వస్తుందండీ?”

అతని నవ్వు ఆగిపోయింది.

తుడిచేసినవాటి పట్టీ తెరిచారు. గొంతు లేదు, వేళలే ఉన్నాయి. మూడో మైకు, మనిషి గొంతు — మొదటి రాత్రి నలభైసార్లు. మర్నాడు అరవై. ఆపైన తగ్గుతూ, తగ్గుతూ... ఆఖరిది మొన్న అర్ధరాత్రి.

తెల్లారగానే ఇంటిల్లిపాదీ తాడు పట్టుకుని పరుగెత్తారు. దారిలో, క్వారీ పక్క గోడౌను కాపలావాడు తలొంచుకుని గొణిగాడు.

“మేమూ విన్నామమ్మా, వారం రోజులు. క్వారీయే పిలుస్తోందని... తలుపులేసుకున్నాం.”

గుంట అడుగున, వాననీటి మడుగు పక్కన చల్లబడిపోయి ఉన్నాడు. విరిగిన కాలు. పగిలిన ఫోను. ఒళ్ళో మైకులోంచి తీసిన పాత బ్యాటరీ.

పైకి తెచ్చి చెట్టుకింద పడుకోబెట్టారు. అత్తగారు కొడుకు జుట్టులోంచి మట్టి దులుపుతూ కూర్చున్నారు.

కొమ్మ మీద గోరింక మెడ సాచింది.

“వదినా...”

ఎవరూ కదల్లేదు.

“వదినా...”

కాపలావాడు వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

మూడోసారి పిలిచాక —

“వస్తున్నానయ్యా,” అంది వదిన.