వెనక్కి చూసే లాంచి

మంగతాయారు ఏనుగు కళ్ళు మాత్రం మిగిల్చి కుంచె పక్కన పెట్టింది. ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖరున దిద్దడం వాళ్ళింటి ఆనవాయితీ. ఈసారి బొమ్మ వేసింది బట్ట మీద కాదు, గోదావరి రేవులో మూలపడ్డ లాంచి ఇంజను మీద. రెక్కలున్న ఏనుగు, దానికి చేప తోక, తొండం పొడవునా తామరలు. చూసినవాళ్ళు ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకున్నారు.

ఆ బొమ్మకు వాడిన నూనె రంగును శాస్త్రవేత్త డాక్టర్ పరిమళ కనిపెట్టింది. అవిసె నూనెలో కంటికి ఆనని రేణువులు కలిపింది. ఎండ తగిలితే చాలు, రేణువులన్నీ ఒకదాన్నొకటి తట్టి లేపుకుని, బొమ్మలోని కదలికను ఇనుముకు అందిస్తాయి. డీజిల్ అక్కర్లేదు. అయితే కొలిచి గీసిన బొమ్మలకు ఏ ఇంజనూ కదల్లేదు. కలలో కనిపించేలాంటి బొమ్మ కావాలని ఆవిడే మంగతాయారును వెతుక్కుంటూ గోదావరి నడుమనున్న ఈ లంకకు వచ్చింది. ఈ లాంచి నడవకపోతే లంకలో పండిన కూరలు టౌను సంతకు చేరవు.

మంగతాయారు రెండో కన్ను దిద్దింది. ఏనుగు రెప్ప ఆర్పింది. ఇంజను గుర్రుమంది.

"బతికించావు తల్లీ!" అన్నాడు లాంచి నడిపే సరంగు నూకరాజు, కళ్ళొత్తుకుంటూ. మంగతాయారు గుండె ఉప్పొంగిపోయింది.

కానీ ఏనుగు జాలిగుండెది. గట్టు మీద ఎవరు పరుగెత్తుకొస్తున్నా చూసి, సగం దూరం వెళ్ళినా లాంచిని వెనక్కి తిప్పేది. ఆ సంగతి తెలిశాక లంకలో అందరికీ బద్ధకం పట్టుకుంది. రెండో కాఫీ కూడా తాగి తీరిగ్గా బయల్దేరేవారు.

"కూరలు వాడిపోతున్నాయమ్మా. ఇలాగైతే లాంచి తీసేస్తామంటున్నారు పైవాళ్ళు" అన్నాడు నూకరాజు.

"కళ్ళు చెరిపేద్దామా?" అంది పరిమళ.

"అమ్మో, చెరిపితే చచ్చిపోతుందండీ! చూపు మారుస్తాను."

నల్లగుడ్లు రెండూ ముందుకు జరిపి, అవతలి గట్టునే చూసేలా దిద్దింది. ఆ రోజు లాంచి వెనుదిరగకుండా సాగిపోయింది. సంతలో లంక వంకాయలు నవనవలాడుతూ అమ్ముడుపోయాయి. అందరూ మంగతాయారును ఆకాశానికెత్తేశారు.

తనూ సంతకు వెళ్ళి ఆ పొగడ్తలు వింటూ, రంగులు కొనుక్కుంటూ ఆమె సాయంత్రం టౌను రేవుకు ఆలస్యంగా వచ్చింది. లంకకు వెళ్ళే ఆఖరి ట్రిప్పు అప్పుడే కదిలింది.

"ఒరేయ్ ఏనుగూ, నేనురా! ఆగరా!"

లాంచిలో నూకరాజు చుక్కాని ఎంత తిప్పినా లాంచి వెనక్కి తిరగడం లేదు. ఏనుగు చూపు అవతలి గట్టు మీదే ఉంది, ఆమె దిద్దినట్టే, ఇసుమంత కూడా చెదరకుండా.

తన పనితనానికి మురిసిపోవాలో ఏడవాలో తెలియక, రంగుల సంచి ఒళ్ళో పెట్టుకుని మంగతాయారు మెట్టు మీద కూలబడింది.