రామ్‌గోపాల్ పేరున్న కెర్నెల్

“దాని మీద చెయ్యేసేరంటే ఊరుకోను!”

కన్యక కేకకి, కంప్యూటర్లు బాగుచేసే చంద్రమౌళి కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

ఆమె బెల్లం కొట్టులో కొత్తగా కొన్న కాటాని పాత కంప్యూటర్ గుర్తుపట్టడం లేదు. అందుకని కొత్త కెర్నెల్, అంటే కంప్యూటర్ని నడిపించే అసలు ప్రోగ్రామ్, తయారుచేసి తెచ్చాడు. డిస్కులో చోటు లేదు, పాతది తీసేస్తానన్నాడు.

ఆ పాతది కన్యక భర్త రామ్‌గోపాల్ చేసుకున్నది. దాని పేరు చివర తన పేరు తగిలించాడు. కిందటేడు ఎలమంచిలి దగ్గర లారీ గుద్ది పోయాడు. పొద్దున్నే తెర మీద ఆ పేరు చూశాకే కన్యక బేరం మొదలుపెడుతుంది.

“ఏటేటి ఉంచాలో చెప్పండి,” అంది కన్యక.

“కెర్నెలు, దాంతో లేచే ఇనిట్ ఫైలు, మాడ్యూల్స్ ఫోల్డరు. సెట్టింగులన్నీ రాసున్న కాన్ఫిగ్ కూడా. మళ్లీ చెయ్యాలంటే అదే ఆధారం.”

“అన్నీ ఉంచండి. మావయ్యగారి సినిమా పాటలు తీసీండి.”

“నా పాటలా!” పరుపు మీంచి గంగాధరం లేవబోయాడు. కాసేపటికి గొంతు తగ్గించి, “తీసీ బాబూ. నా కొడుకుదుంచు,” అన్నాడు.

చంద్రమౌళి పాటలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కొత్తది ఎక్కించి రీస్టార్ట్ చేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. కన్యక మొహం పాలిపోయింది. చంద్రమౌళి ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఏది నడపాలో అడిగే మెనూలో పాతది ఎంచాడు. రామ్‌గోపాల్ పేరు వచ్చింది. కన్యక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చంద్రమౌళికి ఇక దాచాలనిపించలేదు.

“చోటు లేదన్నది సాకండి. పాటలు తీస్తే సరిపోద్దని నాకూ తెలుసు. ఆడి పేరు ఇక్కడుండకూడదనుకున్నాను. నాకు మీరంటే ఇష్టం. ఆడు నా ఫ్రెండు. సిగ్గుగా ఉంది.”

“ఇష్టమని తెలుసు,” అంది కన్యక తల ఎత్తకుండానే. “వైరు బాగుచెయ్యడానికొచ్చి పూటంతా కూకునేది మీరొక్కరే. కానీ ఆయన్ని తీసీమని మాత్రం అడక్కండి.”

“అడగను.”

అంతా విన్న గంగాధరం పరుపు మీద అటు తిరిగి పడుకున్నాడు.

రామ్‌గోపాల్ కాన్ఫిగ్ ముందేసుకుని చంద్రమౌళి మళ్లీ మొదలుపెట్టాడు. రెండ్రోజులకి కాటా అంకెలు తెర మీదకొచ్చాయి. మెనూలో పైన కొత్తది, దాని కింద రామ్‌గోపాల్‌ది.

మర్నాడు కన్యక ఆ రెండు వరసలనీ చూస్తూ చాలాసేపు ఏడ్చింది. తర్వాత తనే పైదాని మీద ఎంటర్ నొక్కింది.

“మరి నా పాటలు ఎప్పుడెక్కిత్తావు?” గంగాధరం చంద్రమౌళిని అడిగాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, చివరి మాట అనడానికి కాస్త తడబడ్డాడు.

“అల్లుడూ?”