మూడు రోజుల ఫుల్ బ్యాటరీ

"బండి నాది. బ్యాటరీ నాది. అందులో మిగిలింది వాడుకోవడానికి మళ్ళీ మీకు డబ్బు కట్టడమేంటండీ?"

సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద గట్టిగా చరిచాడు పెద్దాయన. కౌంటర్ వెనకున్న కుర్రాడు రోజూ చెప్పే పాఠమే మళ్ళీ చెప్పాడు. ఈ కంపెనీ అమ్మే ఎలక్ట్రిక్ కారు ఏదైనా లోపల ఉండేది పెద్ద బ్యాటరీయే. తక్కువ ధరకి కొన్నవాళ్ళకి అందులో మూడోవంతుకి కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి ఉంచుతుంది. డబ్బు కడితే హెడ్డాఫీసు నుంచే తాళం తీస్తారు. పానా పట్టక్కర్లేదు, బోల్టు విప్పక్కర్లేదు.

పెద్దాయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాక కుర్రాడు గటగటా నీళ్ళు తాగి, బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న అమ్మాయి వైపు తిరిగాడు.

"చూశారా? ఆ రేటు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక్కరోజు తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాలండీ. తిక్క కుదురుతుంది."

"కూర్చోడానికే వచ్చాను. లేవండి," అందామె.

లేచాడు. లేవక ఏం చేస్తాడు! ఆమె హెడ్డాఫీసులో ధరలు నిర్ణయించే మనిషి. కస్టమర్లు ఏమనుకుంటున్నారో కళ్ళారా చూసి రమ్మని పంపారు. మధ్యాహ్నానికల్లా షెడ్డులో అందరూ ఆమెకి 'రేటు మేడమ్' అని పేరు పెట్టేశారు. అతనికి ఎప్పటినుంచో 'సర్దుబాటు' అనే పేరుంది. ఎవరొచ్చి గోడు చెప్పుకున్నా ఏదో ఒకటి సర్దకుండా పంపడు మరి.

"ఒక డౌటు మేడమ్. ఇల్లు అద్దెకిచ్చి ఒక గదికి తాళం వేసుకుంటారా ఎవరైనా?"

"వేసుకుంటారు. అద్దె తగ్గించి మరీ వేసుకుంటారు. చిన్న ఇంటి అద్దె కట్టి, ఆ గదిలో కూడా మంచం వేసుకుంటానంటున్నారు మీ కస్టమర్లు."

"అబ్బో! మీ మాటలకి మాత్రం తాళం లేదే. మీతో మాట్లాడాలన్నా రేటు కట్టాలా?"

"కట్టాలి. ఒక కాఫీ."

కాఫీ తెచ్చిచ్చాడు. మర్నాడు కూడా తెచ్చాడు, అడక్కుండానే.

ఒక మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. షెడ్డు రేకుల మీద చినుకుల మోతకి ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. ఒకావిడ తడిసి ముద్దయి వచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్ళో తల్లి ఆస్పత్రిలో ఉంది, దారిలో ఉన్న ఒక్క చార్జింగ్ స్టేషనూ పాడైంది, ఉన్న బ్యాటరీతో బండి అంతదూరం పోదు. కుర్రాడు ఇంకేమీ అడగలేదు. వానలోకి వెళ్ళి బండిని లోపలికి తెచ్చి, తన కంప్యూటర్ తగిలించి టెస్ట్ మోడ్‌లో పెట్టాడు. రిపేరు చేశాక బ్యాటరీని పరీక్షించుకోవడానికి కంపెనీ ఇచ్చిన వెసులుబాటు అది. మూడు రోజులపాటు బ్యాటరీ మొత్తం తెరుచుకుంటుంది. చార్జింగ్ నిండాక ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళింది.

"ఆ బండికి రిపేరేమీ లేదుగా?" అంది రేటు మేడమ్.

"వాళ్ళమ్మకి బాలేదు. అదే రిపేరు."

"ఇలా ఎంతమందికి చేశారు?"

"అవసరం ఉన్నవాళ్ళకి. చెప్తారా పైకి?"

చెప్పాలి. అది ఆమె ఉద్యోగం. కానీ తల మీంచి కారుతున్న నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ, తప్పు దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డ అతన్ని చూస్తే ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఇంత ఇష్టం ఎప్పుడు పుట్టిందా అని. చెప్పనంది.

ఆ తర్వాత 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. సాయంత్రాలు ఆమెని దింపడానికి అతను తన బండిలో ఊరంతా తిప్పి తీసుకెళ్ళేవాడు.

"చార్జి అయిపోతుందేమో?"

"అయిపోనీ. దిగి తోస్తావుగా."

"నేనా? నా రేటు నీకు తెలీదు!"

ఇంతలో మీద పడింది కష్టం. రిపేరు లేని బండ్లు టెస్ట్ మోడ్‌లోకి ఎలా వెళ్ళాయని హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. కుర్రాడి ఉద్యోగం ఊడటం ఖాయం. ఆమె అతనికి మాటమాత్రమైనా చెప్పకుండా జవాబు రాసింది. అవన్నీ నేను చేయించిన ప్రయోగం, ఫుల్ బ్యాటరీ రుచి చూసినవాళ్ళు తర్వాత దానికి ఎంత ఇస్తారో తెలుసుకోవడానికి, బండ్లని ఎవరివని చూడకుండా చీటీ తీసినట్టు ఎంచాం అని.

"పిచ్చిదానా, నాకోసం అబద్ధమాడావా?" అన్నాడతను సంగతి తెలిశాక, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆడాను. ఇంకోసారి ఇలాంటివి చేయకు."

"ఎలా చేస్తాను? ఆ టెస్ట్ మోడే పీకేశారుగా!"

ఇద్దరూ పడిపడి నవ్వారు.

పైవాళ్ళు మాత్రం నవ్వి ఊరుకోలేదు. ప్రయోగం బావుంది, ఫలితం చూపించమన్నారు. ఆమె లెక్కలు తీసింది. ఫుల్ బ్యాటరీ రుచి చూసినవాళ్ళలో చాలామంది తర్వాత అప్పు చేసైనా తాళం తీయించుకున్నారు. ఎందుకో ఆమెకి తెలుసు. అతను అవసరంలో ఉన్నవాళ్ళకే ఇచ్చాడు, అవసరంలో ఉన్నవాళ్ళు ఎంతైనా ఇస్తారు. ఆ ఒక్క ముక్క రాస్తే లెక్కంతా చిత్తు కాగితమే. కానీ రాస్తే అతని బండారం బయటపడుతుంది. రాయలేదు.

పైవాళ్ళు పొంగిపోయారు. అందరికీ మూడు రోజులు ఫుల్ బ్యాటరీ ఉచితం అన్నారు, తాళం తీసే రేటు రెట్టింపు చేశారు. ఆమెకి ప్రమోషనిచ్చి, సొంత గది ఇచ్చి, వెనక్కి రప్పించుకున్నారు.

ఒక ఆదివారం కుర్రాడు ఆమెని తన అక్క ఇంటికి తీసుకెళ్ళాడు. అతనికి తల్లయినా తండ్రయినా ఆ అక్కే. దూరపు ఊళ్ళ క్లినిక్కుల నుంచి రక్తం శాంపిల్స్ తన కారులో పట్నం ల్యాబ్‌కి చేర్చడం ఆవిడ పని.

"మావాడికి నువ్వే సరైనదానివమ్మా. నాకు మహా నచ్చావు," అని అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్క సాయం చేసిపెట్టు. మీ ఆఫీసులో ఆ బ్యాటరీ తాళం రేటు పెంచినవాళ్ళని కాస్త అడుగుదూ? కూడబెట్టి కూడబెట్టి కట్టేద్దామనుకునేసరికి రెట్టింపు చేశారు. కొత్తగా ఇచ్చిన దూరం క్లినిక్కులకి ఈ బ్యాటరీతో పోయి రాలేను. వచ్చే నెల అవి ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారు ల్యాబువాళ్ళు."

ఆమె తలెత్తలేకపోయింది. "నా లెక్క చూసే పెంచారు అక్కా," అంది. తర్వాత జరిగినదంతా చెప్పింది.

అక్క ఆమె చెయ్యి వదిలేసింది. "వీణ్ణి కాపాడ్డానికి చేశావు. నిన్నేమనను?" అని లోపలికి వెళ్ళిపోయింది.

వీధి చివరిదాకా అతను ఆమెతో నడిచాడు.

"రేటు పెరిగింది నా లెక్క వల్లేనేమోనని నీకు అనుమానం రాలేదా?" అందామె.

"వచ్చింది. అడిగితే నిజమైపోతుందని అడగలేదు."

"నిజం రాస్తే నీ ఉద్యోగం పోయేది."

"పోతే ఇంకో షెడ్డు చూసుకునేవాణ్ణి. నన్నొక్క మాట అడగాల్సింది. వానలో వచ్చిందే ఆవిడ, అలాంటివాళ్ళని పిండటానికి నన్నే వాడావు."

"నువ్వంటే ప్రాణం నాకు."

"నాకూ. అందుకే ఇంత మండుతోంది."

మర్నాడు కౌంటర్ దగ్గర కొత్తగా పెళ్ళయిన జంట ఉచిత ఆఫర్ గురించి అడిగారు. "తీసుకోకండి," అన్నాడు కుర్రాడు, వెనకాల మేనేజర్ నిలబడి ఉండగానే. "అలవాటు చేసి మూసేస్తారు. తర్వాత మీరు ఉండలేరు." మధ్యాహ్నానికి ఉద్యోగం పోయింది.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "ఆ ఉద్యోగం కోసమే కదా నేను ఇంత పని చేసింది!"

"ఇప్పుడది లేదు. ఇంక నాకోసం నువ్వు దాచాల్సిందేమీ లేదు. చెప్పెయ్ మీవాళ్ళకి, ఆ లెక్క తప్పని. చెప్పి వచ్చెయ్. అక్క కూడా ఏమీ అనుకోదు."

ఆమె లేచి తన సొంత గది తలుపు మూసింది.

"రేపు చెప్తాను," అంది ఆమె. ఆ క్షణంలో నిజంగానే చెప్పాలనుకుంది.

కుర్రాడు ఇంకో షెడ్డులో చేరాడు. రోజూ పొద్దున్నే, పళ్ళు కూడా తోముకోకముందే, అక్క ఫోన్ తీసి కంపెనీ యాప్‌లో రేటు తగ్గిందేమో చూసేవాడు. నెల తిరిగినా అది తగ్గలేదు. అక్కకి దూరం క్లినిక్కులు పోయాయి. ఒకరోజు అక్క అతని చేతిలోంచి ఫోన్ మెల్లగా లాక్కుని, "ఇంక చూడకురా," అంది.