పొడిగింపు కమిటీ

డ్రైవింగ్ స్కూల్ గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేతికో పాత స్టీరింగ్ ఇచ్చింది.

"ఎడమకాలు క్లచ్ మీద పెట్టండి. కుడికాలు ఊరికే ఊపకండి, అక్కడ బ్రేకుంటుంది. కొత్త బ్యాచ్ సోమవారం నుంచి. ఈలోగా దీంతో చేతులు అలవాటు చేసుకోండి."

అతను స్టీరింగ్ పట్టుకుని, ఆమె చెప్పినట్టే ఎడమకాలు కూడా చాపాడు. కళ్ళజోళ్ళ షాపులో పొద్దస్తమానం "ఈ అక్షరం కనిపిస్తోందాండీ" అని మెల్లగా అడిగే మనిషి. ఎదుటివాళ్ళ మాటకి అడ్డం పడటం అతనికి చేతకాదు.

"నేను డ్రైవింగ్‌కి రాలేదండీ. లీగ్ పని మీద వచ్చాను. కమిషనర్ని."

ఆమె చేతిలోని టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. "అంకుల్... మీరేనా?"

ఆ అంకుల్ వెనకాల ఒక కథ ఉంది. వాళ్ళది ఆన్‌లైన్ బేస్‌బాల్ లీగ్. పన్నెండు మంది సభ్యులు, తలా ఒక జట్టు. ఆటగాళ్ళెవరూ నిజం కాదు. కంప్యూటర్లోనే పుడతారు, అందులోనే ఆడతారు, అందులోనే ముసలివాళ్ళయి రిటైరవుతారు. మ్యాచ్‌లు కూడా కంప్యూటరే ఆడిస్తుంది. సభ్యులు చేసేదల్లా ఆటగాళ్ళని ఏరుకోవడం, తర్వాత గ్రూపులో కొట్టుకోవడం. ఆ కొట్లాటలు తీర్చేవాడే కమిషనర్. అతను గ్రూపులో "సభ్యులు గమనించగలరు" అని రాస్తుంటే, ఎవరో రిటైరైన ఆఫీసరనుకుని ఆమె ఏడాదిగా అంకుల్ అని పిలుస్తోంది. అతనికి మనసు చివుక్కుమంటూనే ఉన్నా, దిద్దడానికి మొహమాటపడ్డాడు.

ఇప్పుడు వాళ్ళిద్దరినీ కలిపింది అతని బావ, అంటే అక్క మొగుడు. బావకీ లీగ్‌లో జట్టుంది. ఆటగాడి కాంట్రాక్టు ఎన్నేళ్ళు పొడిగించుకోవచ్చో రూల్లో ఎక్కడా లేదని కనిపెట్టి, ఇరవై ఏళ్ళ బ్యాటర్‌ని అతనికి నలభై వచ్చేదాకా అదే జీతానికి కట్టిపడేశాడు. గ్రూపు భగ్గుమంది. అందరికంటే గట్టిగా అరిచింది 'ఉడతలు' జట్టు మేనేజరు, అంటే ఈ డ్రైవింగ్ టీచర్. అంత అరిచినందుకు ఆమెనీ, కమిషనర్‌నీ కలిపి కమిటీ వేశారు. ఇద్దరూ కూర్చుని పొడిగింపు రూలు రాయాలి.

"మూడేళ్ళకి మించి పొడిగించకూడదు," అన్నాడతను, స్టీరింగ్ పక్కన పెట్టి.

"ఐదు ఉండాలి."

"ఐదేళ్ళ తర్వాత ఎవడెలా ఉంటాడో ఎవరికి తెలుసండీ?"

"మీరు మనుషుల్ని నమ్మరా?"

"వాళ్ళు మనుషులు కాదు మేడమ్. ప్రోగ్రాము."

"ష్," అంటూ ఆమె తన ల్యాప్‌టాప్ మూత సగం మూసింది. "మా పిచ్చర్ వింటాడు. బంతి విసిరేవాళ్ళు అసలే సున్నితం."

అతనికి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే ఇంటికెళ్ళాడు, ఆ నవ్వుతోనే మర్నాడు ఒకావిడకి ఆవిడ భర్త కళ్ళజోడు పెట్టి పంపించాడు. వారం తిరక్కుండానే విషయం అతనికి స్పష్టమైంది. ఆమె అంటే ఇష్టం. చాలా ఇష్టం. రూలు పూర్తయితే కమిటీ కూర్చునే ఆదివారాలు పోతాయి.

అంచేత రూలు పూర్తి కాకుండా చూసుకోవడం మొదలుపెట్టాడు.

మోకాలికి దెబ్బ తగిలినవాడికి పొడిగింపు ఇవ్వొచ్చా? పొడిగించిన రోజే వేరే జట్టుకి అమ్మేస్తే? ప్రతి ఆదివారం ఒక డౌటుతో వెళ్ళేవాడు. ఆమె తక్కువ తిన్నదేమీ కాదు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన కాంట్రాక్టు ముగిసేవాడి గతేమిటని ఒకటి లేవదీసింది. దాని మీద రెండు ఆదివారాలు గడిచాయి. గోడ మీద 'యూ టర్న్ నిషేధం' బొమ్మ కింద కూర్చుని, ఇద్దరూ తిరిగి తిరిగి మొదటి వాక్యానికే వచ్చేవాళ్ళు. మధ్యలో ఆమె టీ తెచ్చేది. అతను ఆమె కళ్ళజోడు తీసుకుని, వదులైన మర బిగించి, తుడిచి ఇచ్చేవాడు. కళ్ళజోడు లేనప్పుడు ఆమె అతనికేసి కళ్ళు చికిలించి చూసేది. ఆ మర మరీ అంత తరచుగా ఎందుకు వదులవుతోందో అతను అడగలేదు.

చివరికి బావ గ్రూపులో బాంబు పేల్చాడు. "ఒక్క పేజీ రూలుకి ఇన్ని నెలలా? కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు. ఈ ఆదివారం తేల్చకపోతే కమిటీ రద్దు, రూలు నేను రాస్తా." మిగతా సభ్యులంతా వరసగా బొటనవేలి బొమ్మలు పెట్టేశారు.

అతను ఫోన్ చేశాడు. "ఏంటి బావా ఇది?"

"మీరు కాంట్రాక్టులు పొడిగిస్తున్నారా, ఇంకేమైనా పొడిగిస్తున్నారా?"

అతను తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించాడు. "అక్కకి చెప్పకు."

"ఆ ప్రశ్న అడగమన్నది మీ అక్కే."

ఆదివారం వాన దంచి కొట్టింది. అతను సగం తడిసి వెళ్ళాడు. దారంతా ఒకటే అనుకున్నాడు, ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పేది లేదని. ముందు కాస్త వాదన జరిగితే ధైర్యం వస్తుందని ఆశ.

"దెబ్బ తగిలినవాళ్ళకి పొడిగింపు వద్దనుకుంటున్నాను," అన్నాడు.

"సరే."

"అమ్మేస్తే కాంట్రాక్టు కూడా వాడితోనే వెళ్తుంది."

"సరే."

"మరి ఎన్నేళ్ళు?"

"మీరన్నట్టే మూడు."

"ఐదు కదా మీది?"

"మూడు చాల్లెండి," అంటూ ఆమె రూలు గ్రూపులో పెట్టేసింది. టీ ఇంకా ఆరలేదు. ఇన్నాళ్ళూ ఆమె వాదించింది రూలు కోసమేనన్నమాట, ఆమెకి విసుగొచ్చి ఇవాళ తేల్చేసిందన్నమాట. అతను లేచి గొడుగు కోసం వెతికాడు. తను గొడుగు తేలేదన్న సంగతి కూడా గుర్తు లేదు.

"వెళ్ళిపోతున్నారా?"

"పనైపోయింది కదండీ."

"అవును. విసిగిపోయారట కదా."

"ఎవరు?"

"మీరే. మీ బావగారు ఫోన్ చేశారు. మావాడికి ఉన్న ఒక్క సెలవూ మీ రూలు తినేస్తోంది, మొహమాటానికి చెప్పలేక చస్తున్నాడు, తొందరగా వదిలేయండి అన్నారు."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. రూలు తేలిపోతే గానీ తను నోరు విప్పడని బావ వేసిన ఎత్తు మెల్లమెల్లగా బుర్రకెక్కింది. "నేనా, విసిగిపోవడమా? మన సీజన్ ఏప్రిల్‌లో మొదలై అక్టోబర్లో అయిపోతుంది మేడమ్. అసలు ఫిబ్రవరిలో ఎవడి కాంట్రాక్టూ ముగియదు. అది తెలిసి కూడా రెండు వారాలు వాదించాను."

"తెలిసీ అడిగినదాన్ని నేనున్నాను కదా," అంది ఆమె, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

వాన హోరులో ఆ మాట అతనికి ఇంకా గట్టిగా వినిపించింది. అతను వెనక్కొచ్చి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు మీరంటే ఇష్టం. ఆ ఇష్టం రూలు మీద కాదు, మీ మీద. ఆదివారాలు చాలడం లేదు. మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె నోరు తెరిచేలోపు అతని ఫోన్ మోగింది. కంగారులో వేలు తగిలి స్పీకర్ ఆన్ అయింది. అక్క గొంతు గదంతా వినిపించింది.

"ఒరేయ్, రూలు వచ్చేసిందిట. ఇంతకీ అడిగావా లేదా? ఆ అమ్మాయి ఏమంది?"

ఆమె చెయ్యి చాపి, అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అతనికేసి ఒకసారి చూసి, తాపీగా మాట్లాడింది.

"నమస్తే వదినగారూ. ఇప్పుడే అడిగారు. అన్నయ్యగారు పక్కనే ఉంటే ఆయనతో కూడా నాకు కొంచెం పనుంది, మొన్న చెప్పిన అబద్ధం గురించి."

అవతల అక్క, ఫోన్ పట్టుకునే, లోపలి గదిలోకి కేకేసింది.

"ఏమండీ, ఇలా రండి. నన్ను వదిన అంది."