తప్పులు పట్టే ఫోను

పొద్దున ఏడింటి వార్తలు ముగిసీ ముగియగానే డ్యూటీ రూమ్‌లో ఫోను మోగిందంటే, అది డైరెక్టర్ జనరల్ గారిదే. దేశం మొత్తానికీ రేడియో నడిపే పెద్దమనిషి పనిగట్టుకుని ఫోన్ చేసేది ఒకే ఒక్క న్యూస్ రీడర్ గురించి. ఆ పదవిలోకి వచ్చిన మొదటి వారంలోనే, ఇవి వార్తలా జోలపాటా అని అడిగించాడు. ఆమె మాత్రం తక్కువ తిన్నదా? అరిస్తే వార్తలు నిజాలైపోతాయా అని కనుక్కోమంది.

మూడేళ్లుగా ఇదే వరస. సర్కారు భజన చేస్తున్నారని ఒక పక్షం, సర్కారుకి గోతులు తవ్వుతున్నారని ఇంకో పక్షం ఆయన్ని నిలవనిచ్చేవి కావు. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. "నీ ఫిర్యాదులన్నీ ఆ ఒక్క పిల్ల మీదేనేంట్రా?" అని అక్క నవ్వితే పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఒక వార్త ఆపమని పైనుంచి వచ్చిన మాట వినలేదు. దాంతో బదిలీ ఉత్తర్వు వచ్చింది, రేపట్నుంచి గిడ్డంగుల శాఖ. బాధ వేయలేదు, నిద్రొచ్చింది. సంతకానికి మిగిలిన కాగితాల్లో ఆ న్యూస్ రీడర్‌ది కూడా ఉంది. ఎంత దూరమైనా సరే, వేరే స్టేషన్‌కి పంపమని కోరింది. అది చూశాక నిద్ర ఎగిరిపోయింది.

ఆమెని పిలిపించాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ ఫోన్ గుర్తొస్తే మైకు ముందు నోరెండిపోతోంది సార్. నేను సెలవులో ఉన్నప్పుడు ఒకాయన ఏకంగా నిన్నటి వార్తలే మళ్లీ చదివేశాడు. ఆయనకి ఒక్క ఫోనూ రాలేదు. అన్నీ నాకేనా?"

"నిన్నటి వార్తలా? ఎప్పుడు?"

"మీకు తెలీదా? దేశమంతా నవ్వింది."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. దాచడానికి కూడా ఓపిక లేదిక.

"మీరు చదవని రోజు నేను రేడియో పెట్టను."

ఆమె నెమ్మదిగా కూర్చుంది. మరి ఆ తప్పులు పట్టడం దేనికని అడిగింది.

"ఫోన్ చెయ్యడానికి ఇంకో సాకు దొరకలేదు. పై అధికారిని, ఇంకేం చెప్పను? రేపట్నుంచి కాను కాబట్టి చెప్తున్నాను. వెళ్లాలనే ఉంటే ఇప్పుడే సంతకం పెడతాను."

మూడేళ్లు ఉసురు పోసుకున్నారని ఆమె గట్టిగానే దులిపింది. దులిపి, తన కాగితం తీసుకుంది.

"ఇది నా దగ్గరే ఉంటుంది. రేపు డ్యూటీ రూమ్‌కి కాదు, నాకే ఫోన్ చెయ్యండి. అప్పుడు చూద్దాం."

మర్నాడు వార్తల్లో ఆయన బదిలీ కూడా వచ్చింది. అది చదివేటప్పుడు ఆమె రెండు మాటలు తడబడింది. ఆయన కాఫీ వదిలేసి ఫోన్ అందుకున్నాడు.

"ఇవాళ తప్పేం లేదండి."

"అబద్ధం. మీ వార్త దగ్గర తడబడ్డాను."

"విన్నాను. అది తప్పు కాదు."

తర్వాత ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అక్క చూసి చూసి ఫోన్ లాక్కుంది.

"వాడికి ఇంతకంటే చెప్పడం చేతకాదమ్మా. ఆదివారం భోజనానికి వచ్చెయ్."

అవతల నుంచి కాగితం నిలువునా చింపుతున్న చప్పుడు వచ్చింది. అక్క ఫోను తమ్ముడి చెవికి ఆనించింది.